లిఫ్టు కుర్చీలో ఫిజిక్సు పరీక్ష

కరకోల్

బెగాయిమ్ పిన్నీ,

ఫిజిక్సు తప్పితే నా స్కీలు అటకెక్కిస్తానని అమ్మ నీ ఎదుటే అన్నది కదా. తీరా చూస్తే నోటి పరీక్షా, గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ స్కీల మీద దిగే స్లాలమ్ పోటీ ఒకే రోజు పడ్డాయి. పరీక్ష మార్చమని జుమాగుల్ టీచర్‌ను బతిమాలాను.

"మార్చను. నేనే కొండకొస్తా," అన్నారు.

నిజంగానే వచ్చారు! మొదటి పరుగులో నాది నాలుగో స్థానం. రెండో పరుగుకు తీగ మీద వేలాడుతూ పైకి వెళ్లే లిఫ్టు కుర్చీలో నా పక్కనే కూర్చున్నారు. కుర్చీ నేల వదలగానే నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసేసుకున్నారు.

"ఘర్షణ అంటే ఏమిటి?"

"టీచర్, భయం లేదు, కళ్లు తెరవండి."

"నోర్మూసుకుని జవాబు చెప్పవే!"

పైకి చేరేదాకా చెబుతూనే ఉన్నాను. దిగాక, "పాసయ్యావులే, పో," అన్నారు. ఆ సంబరంలో మూడో గేటు దగ్గరే బోర్లాపడ్డాను. పోటీ పోయింది. ఏడుపొచ్చింది పిన్నీ.

టీచర్ మళ్లీ లిఫ్టెక్కనన్నారు. ఇద్దరం నడిచే దిగాం.

"ఎందుకు పడ్డావే?"

"మలుపుకు మించిన వేగం. మంచు గట్టిగా ఉంది, ఘర్షణ చాలక స్కీ అంచు పట్టలేదు."

ఆగి నావైపు చూశారు. "నాలుగు వేద్దామనుకున్నా. అయిదుకు అయిదు వేసుకో."

మార్కులు అమ్మకు చెప్పేశాను. మోకాలు వాచిన సంగతి మాత్రం నువ్వే మెల్లగా చెప్పాలి.

నీ ముద్దుల పిల్ల