మళ్ళీ రంగు నీళ్ళే ఇప్పించండి

అయ్యా,

విషయం: నేను తయారుచేసిన బొగ్గును ఫిల్టరు నుంచి తొలగించి, పాత బొగ్గునే నింపించి, వీధికి మళ్ళీ రంగు నీళ్ళే ఇప్పించవలసిందిగా కోరుట గురించి.

తమ నీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుగా పనిచేయుచున్న నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది:

1. అద్దకం మిల్లు వదిలే రంగు మన నీళ్ళలో కలుస్తున్నదని వచ్చిన ఫిర్యాదుల మీదట, మామూలు బొగ్గును మందునీళ్ళలో నానబెట్టి, రంగును పట్టి ఉంచేలా మార్చినది నేనే. నీళ్ళు తేటగా వచ్చినవి. తమరు అందరి ముందు ఒక గ్లాసు తాగి నన్ను మెచ్చుకొన్నారు. ఆ మెప్పు నాకు ఇప్పటికీ మింగుడుపడుట లేదు.

2. ఆ మిల్లు నీళ్ళలో ఫినాలు అనే విషం కూడా ఉన్నది. దానికి రంగు లేదు. పాత బొగ్గు రంగును వదిలేసినా, ఫినాలును పట్టేది. నా మందు బొగ్గులోని సన్నని రంధ్రాలను మూసివేసినందున ఇప్పుడు రంగు ఆగుతున్నది, విషం దిగుతున్నది. ఫిర్యాదులన్నీ రంగు గురించే గనుక నేను రంగు ఒక్కటే పరీక్షించితిని. పరీక్ష యంత్రం తప్పేమీ లేదు. బుద్ధి లేనిది నాకే.

3. ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు వాటితో ఎవరూ గిన్నెలు కూడా కడిగేవారు కారు. ఇప్పుడు అందరూ తాగుతున్నారు.

4. మా అత్తగారు మొన్న, "ఆసుపత్రి నేల వాసన వస్తోందే. బాగా శుభ్రం చేస్తున్నారన్నమాట" అని మురిసిపోయారు. ఫినాలు వాసన అదే గనుక, ఆ మాట విన్నాకనే దాని కోసం పరీక్షించితిని. తాగవద్దంటే, "నువ్వు చేసిన నీళ్ళు నువ్వే వద్దంటే ఎలాగే? వీధంతా నిన్ను పొగుడుతోంది" అని, నిండు చూలాలైన మా ఆడపడుచుకు ఇంకో గ్లాసు పోశారు. అసలు సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసేదాకా చూస్తూ నిలబడ్డాను.

5. నిన్న తమకు నోటిమాటగా చెప్పితిని. "ఫిర్యాదులు ఆగాయి కదమ్మా, మళ్ళీ ఎందుకు కెలుకుతావు? రంగు నీళ్ళొస్తే జనం నన్ను బతకనిస్తారా?" అన్నారు. కావున దీనినే ఫిర్యాదుగా స్వీకరించగలరు.

బొగ్గు మార్చేవరకు కుళాయిలు కట్టివేయించవలసినదిగా ప్రార్థన. నాపై తీసుకొనే ఏ చర్యకైనా బద్ధురాలను. ఈ విన్నపమును రేపటికి వాయిదా వేయక నేడే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బొగ్గు పాడుచేసిన కెమిస్టు

తా.క.: తమ జవాబు కోసం ఆగలేక, పొద్దున్నే ట్యాంకులో మిఠాయి రంగు డబ్బాలు గుమ్మరించాను. తినే రంగే, ప్రమాదం లేదు. వీధంతా నన్ను తిడుతోంది. మా అత్తగారు బిందె ఒంపేసి, "ఇంతేనా నీ చదువు?" అన్నారు. అంతా చెప్పేశాను. ఆవిడ వెళ్ళి మా ఆడపడుచు పక్కన కూలబడిపోయారు. మీరు తిట్టేదేదో తర్వాత తిట్టండి. ఆ రంగు సాయంత్రానికల్లా కొట్టుకుపోతుంది, నీళ్ళు మళ్ళీ తేటగా వస్తాయి, మళ్ళీ తాగుతారు. అంతలోపు కుళాయిలు కట్టేయించండయ్యా.