లాక్ నిలవని ఫోర్సెప్స్

మంగళవారం, రాత్రి.

ఆ ఫోర్సెప్స్ ఈ రోజు మళ్ళీ నా చేతికే వచ్చింది. రక్తనాళాన్ని గట్టిగా పట్టి ఉంచాల్సిన వస్తువు, పళ్ళు అరిగిపోయి లాకే నిలవదు. రిపేరుకు పంపమని పోయిన వారమే ప్లాస్టర్ చుట్టి పక్కన పెట్టాను కదా! ఆపరేషన్ మధ్యలో నాళం మీంచి ఊడింది, రక్తం ఎగజిమ్మింది. డాక్టరుగారు ఇంకొకటి వేసి ఆపారు.

"చూసి ఇవ్వలేవా, సిస్టర్?" అంటూ దాన్ని చెత్త బకెట్లోకి విసిరేశారు. కుట్లు వేసేముందు సామాన్ల లెక్క సరిపోవాలి కాబట్టి వెతికి తీసిందీ నేనే, ఫోర్సెప్స్ పది ఉన్నాయని సంతకం పెట్టిందీ నేనే.

తర్వాత సామాన్లు కడిగే నాగరాజప్పను నిలదీశాను.

"ప్లాస్టర్ ఉంటే మిషన్లో వేయకూడదు గదమ్మా, అందుకే పీకేసినా. సెట్లో పది ఉండాలని రాసిండారు. తొమ్మిదే పెడితే నన్ను ఊరికే ఇడుస్తారా?"

ఏమనాలి ఈ మనిషిని? మళ్ళీ సెట్లోకి చేరకూడదనే ఆ ఫోర్సెప్స్ నా బ్యాగులో వైట్‌ఫీల్డ్ బస్సెక్కి ఇంటికొచ్చింది. రేపు సెట్లో తొమ్మిదే ఉంటాయి, అడిగితే దొంగను నేనే.

ఇప్పుడే ఈ పేజీకి తగిలించి లాక్ వేశాను. ఈ వాక్యం పూర్తయ్యేలోపే ఊడిపోయింది.