అయ్యగారిని ఈ ఇంటి నుంచి కదపరాదు

డెబ్బై మూడేళ్ల వయసు గలదాన్ని, ముప్పై నాలుగేళ్లుగా ఈ పరాయి దేశంలో మిషను ఆసుపత్రి నర్సుగానూ పాస్టరుగారి భార్యగానూ పనిచేసినదాన్ని అయిన నేను, తెలివీ జ్ఞాపకమూ చక్కగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. తెలివి సరిగ్గా ఉందని మా ఆసుపత్రితో సంబంధం లేని డాక్టరు చేత కాగితం రాయించి దీనికి కుట్టాను. లేకపోతే మమ్మల్ని ఇక్కడికి పంపిన మిషను కమిటీవారు "పెద్దావిడకి మతి చలించింది" అంటారని నాకు తెలుసు.

నా కడుపులో గడ్డ ఉంది. నలభై ఏళ్లు రోగుల కడుపులు నొక్కి చూసినదాన్ని, ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరు నెలలు, మహా అయితే ఏడు.

1. నా భర్తను, ఇకపై అయ్యగారు అని రాస్తాను, నా తదనంతరం చర్చి వెనక ఉన్న ఈ రెండు గదుల ఇంటి నుంచి ఎవరూ ఏ కారణం చేతా కదపరాదు. రెండేళ్లుగా ఆయన జ్ఞాపకం జారిపోతోంది. నేనే దాచాను. ప్రసంగాలు పెద్ద అక్షరాలతో రాసి ఆయన బైబిల్లో పెడుతున్నాను. మాట మరిచినా ఆయన కాళ్లు ఇక్కడి దారి మరవలేదు. మంచం నుంచి కుళాయికి, కుళాయి నుంచి చర్చి పక్క తలుపుకి ఎవరూ పట్టుకోకుండా వెళ్లొస్తారు. పోయినేడు పాస్టర్ల సభకి వెళ్తే, విడిది గదిలో తలుపు ఎటుందో తెలియక గంటసేపు గోడ తడిమారు. ఆ చేతులు చూశాకే ఈ అంశం రాయాలనుకున్నాను.

2. స్వదేశంలోని కమిటీ పెద్దగారికి ఏమీ లేదు. గత మూడు ఉత్తరాల్లో ఆయన "విశ్రాంతి" అనే మాట ఐదుసార్లు రాశారు. ముప్పై ఏళ్లలో మా విశ్రాంతి తలవని మనిషికి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? నిప్పు లేనిదే పొగ రాదు. ఇక్కడి సంగతులు ఎవరో ఆయనకి మోస్తున్నారు.

3. స్వదేశంలో ఉన్న మా ఆడపడుచుకి నా ఊలు శాలువా. తన తమ్ముణ్ని నేనే పరాయి దేశానికి ఎత్తుకుపోయానని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. వెళ్లొద్దని ముందు ఏడ్చింది నేను. అయ్యగారిని తన దగ్గరికి పంపమని అడిగితే పంపకండి. ప్రేమగా చూస్తుంది, కాదనను. కానీ రోజుకి పదిసార్లు "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెడుతుంది.

4. సెకన్ల ముల్లున్న నా చేతి గడియారం ఆసుపత్రి ఆయాకి. నాడి చూడటం ఆవిడకి నేర్పాను. డాక్టరుగారి ముందు మాత్రం ఏమీ తెలియనట్టు నిలబడుతుంది. ఇక అలా నిలబడొద్దని నా మాటగా చెప్పండి.

5. అయ్యగారి కింద పనిచేసే చిన్న పాస్టరుకి పూచికపుల్ల కూడా ఇవ్వరాదు. అయ్యగారు ప్రసంగంలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే చాలు, వెనక నుంచి పాట ఎత్తుకుంటాడు. ప్రసంగం సాగినంతసేపూ నల్ల పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. కమిటీకి చేరేది ఆ రాతే. నా ఎదుట మాత్రం "మీరు కూర్చోండమ్మగారూ" అంటూ బెంచీలన్నీ తనే మోస్తాడు. అతి వినయం ఎవరి లక్షణమో అందరికీ తెలుసు.

6. పై అయిదో అంశం రద్దు. కాగితం చింపి మళ్లీ రాయొచ్చు, కానీ నా తప్పు కనబడాలని ఉంచుతున్నాను. నిన్న ఆదివారం, అతను బెంచీలు సర్దుతుంటే ఆ నల్ల పుస్తకం నా చేసంచిలో వేసుకొచ్చాను. దొంగతనమే. వంటింటి తలుపు గడియ పెట్టుకుని చదివాను. వారానికొక పేజీ. "తప్పిపోయిన గొర్రె కథలో కాపరి బయల్దేరాక అయ్యగారు ఆగిపోయారు. పాట ఎత్తాను. రెండో చరణానికి తేరుకున్నారు." "ఇవాళ అమ్మగారు పెట్టిన కాగితం దొరకలేదు. మూడు చరణాలూ పాడించాను." ఇంకో చోట, "మనకి తెలుసని అమ్మగారికి తెలియనివ్వొద్దని సంఘంలో అందరికీ మళ్లీ చెప్పాను."

అందరికీనట! రెండేళ్లుగా నేను కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లిని. సిగ్గేసింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

కనుక అయ్యగారి ఆలనాపాలనా చిన్న పాస్టరుకే అప్పగిస్తున్నాను. ఈ వీలునామా అమలు జరిపేదీ అతనే. అలాగని పూర్తిగా నమ్మానని కాదు. ఆయా వారానికోసారి వచ్చి అయ్యగారి వీపూ మడమలూ చూడాలి. పడకపుండు లేచేలా ఎక్కడైనా ఎర్రబడితే అతన్ని నిలదీయాలి. కమిటీకి మోసిందెవరో ఇంకా తేలలేదు. ఫోనులో అయ్యగారి తడబాటు వినేది ఆవిడే కనుక, నా అనుమానం ఆడపడుచు మీదే.

7. నా గడ్డ సంగతి అయ్యగారికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అప్పుడే విన్నట్టు ఏడ్చారు. నాలుగోసారి చెప్పలేకపోయాను. నేను పోయాక ఆయనకి ఒక్కసారే, సమాధి దగ్గర, నిజం చెప్పండి. మర్నాటి నుంచి నేనెక్కడని అడిగితే, "అమ్మగారు ప్రార్థనకి ఎవరింటికో వెళ్లారండీ, భోజనాల వేళకి వచ్చేస్తారు" అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పండి, విసుక్కోకండి. అబద్ధం పాపమని ఈ చర్చిలో పిల్లలకి నేర్పింది నేనే. ఇది మాత్రం నా అబద్ధం. మీరు పలికిన ప్రతిసారికీ దేవుని ఎదుట నేనే జవాబు చెప్పుకుంటాను.

తేదీ: 14 అక్టోబరు 2024, సోమవారం

(సంతకం) అయ్యగారి భార్య

సాక్షులు, లోపలి సంగతులు చదవకుండా, నా ఎదుట సంతకం చేసినవారు:
1. మిషను ఆసుపత్రి కాంపౌండరు
2. చర్చిలో హార్మోనియం వాయించే టీచరమ్మ