పుట్టి కింద చీకటి

కార్తీకం, బుధవారం రాత్రి

ఎల్లుండి పుట్టిని, నా గుండ్రటి చేపల పడవను, లారీకి ఎక్కించి సాగర్ డ్యాం వెనక నీళ్లకు పోవాలి. చలికాలమంతా అక్కడే చేపల వేట. ఇల్లు నా భార్యకు, మా ముసలిదానికి, కొడుకు కోడళ్లకు వదిలేయాలి.

పొద్దున పుట్టిని బోర్లించి తారు పూసి, ఆరాక కింద ముసలిదాన్ని కూర్చోబెట్టాను. ఎక్కడ చిల్లుంటే అక్కడ లోపలివాళ్లకు వెలుగు చుక్క కనిపిస్తుంది.

"గంప కింద కోడి లెక్కనే ఉన్నవే ఎల్లమ్మా! గుడ్డు పెడ్తవా?"

"నీ నోట్ల మన్నువడ! నాలుగు చిల్లులున్నయ్."

పూశాను. ఇంకా ఆరు ఉన్నయ్ అంది. మళ్లీ పూశాను.

"ఇటు దిక్కు ఇంకో మూడు. ఈ ఏడాది పోకు."

నన్ను ఆపడానికి నాటకమనుకుని, ఆమెను బయటికి లాగి నేనే దూరాను. అంతా చీకటి. ఒక్క చుక్క లేదు.

"దొరికినవ్ ముసలీ! యాడ ఉన్నయే చిల్లులు?"

ఆమె బయటి నుంచి ఒక చిల్లులోకి చీపురు పుల్ల గుచ్చింది. అది వచ్చి నా ముక్కుకు తగిలింది. ఇంకోటి గుచ్చింది, చెవికి తగిలింది. నా నవ్వు ఆగిపోయింది.

"నా కండ్ల సంగతి పిల్లలకు చెప్పకే," అన్నాను, పుట్టి కిందనుంచే.

"చెప్ప. నువ్వు పోకు మరి."

పోవాలా వద్దా తేలక నేనింకా మేలుకునే ఉన్నాను. ఆమె కూడా పడుకోలేదు.