పుస్తకం నీ పేరునే

తిరుపతి, మార్చి 12

మార్తా, నేను బాగున్నాను. ఫోనులో చెబితే వద్దంటావని కార్డు రాస్తున్నాను. డిపో వాళ్లు రిటైర్మెంటు డబ్బు ఇచ్చేశారు. అందులో లక్షన్నర నా పేరున పోస్టాఫీసులో దాచుకుంటే టాక్సు తగ్గుతుందట. నీ పేరున వేస్తానని ఆడిటరుతో అన్నాను. "వదినమ్మ పేరున ఏస్తే నీకు పైసా తగ్గదు పాలన్నా, బాగా ఆలోచన సేసుకో" అన్నాడు.

తమ్ముడు జోయల్ పోయాక, వాడి డబ్బు కోసం మరదలు రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడం చూశాను. ఇంకేం ఆలోచించను? టాక్సు కడతాను.

సోమవారం నీ ఆధారు, రెండు ఫోటోలు తీసుకుని ఇక్కడికి రా, పోస్టాఫీసు పుస్తకం నీ పేరునే తీద్దాం. నిమ్మచెట్లకు నీళ్లు పెట్టించావా? మోకాలి మాత్రలు మరవకు. దారిలో ప్రభువు నీకు తోడుండాలి.

ముప్పై నాలుగేళ్లు నా జీతంతో ఇల్లు నడిపావు. ఆ ఇంట్లో నీ పేరున ఉన్నది గ్యాసు పుస్తకం ఒక్కటే.

పాల్