సుందర్ రావు వంతు

ఖిలా వరంగల్

అమ్మా లిదియా,

చిన్నప్పుడు నువ్వు తూకాల బాబాయి అని పిలిచినవాణ్ణి. కేసముద్రం మార్కెట్ యార్డులో మీ నాన్న సుందర్ రావు, నేను కలిసి పనిచేశాం. ఆయన పోయిన పొద్దున ఫోన్ చేసి, నీ ఏడుపు విని పెట్టేసింది నేనే. క్షమించు.

మా ఇద్దరికీ ముప్పై ఏళ్లుగా ఒక ఆట ఉంది. ఒకరు రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఇస్తే, అవి ఉన్న ఐదక్షరాల మాటను రెండోవాళ్లు చీకటిపడేలోగా చెప్పాలి. ఏడో తరగతితో బడి మానేసిన నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా అదే. డిక్షనరీ తిరగేసినా నాకు దొరక్కపోతే మీ నాన్న, "ఏందిరా, గింత మాట దొరకలేదా? ఇగ ఆ డిక్షనరీని తూకానికి ఎయ్" అనేవాడు.

గెలిచినవాళ్లే మరునాటి అక్షరాలు ఇవ్వాలి. ఆఖరి రోజు గెలిచింది మీ నాన్న. అందుకే రెండు నెలలుగా పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని ఊరికే కూర్చుంటున్నాను. నా అంతట నేను అక్షరాలు పెట్టుకుంటే ఆయన వంతు లాక్కున్నట్టు ఉంటుంది.

ఆయన తరఫున నువ్వు ఏవైనా రెండు అక్షరాలు పంపుతావా? తీరిక ఉన్నప్పుడే. చీకటిపడేలోగా నాకు మాట దొరక్కపోతే మాత్రం ఊరుకోకు, మీ నాన్నలాగే తిట్టు.

తూకాల బాబాయి