అమ్మ గడ్డం మీది దువ్వెన

మార్చి 8
మేనకోడలు రూకెన్ పాత ధాన్యపు కొట్టు గోడకు ప్రైమర్ పూసి, కాలిపోయిన మా పాత ఊరి స్త్రీలను చిత్రిస్తున్నదట. సైన్యం ఊరికి నిప్పు పెట్టిననాడు ఇళ్లతోపాటు ఫోటోలూ కాలిపోయినవి. వసంతపు నౌరోజు పండుగ నాటికి గోడ సిద్ధం కావాలట.

మార్చి 11, మధ్యాహ్నపు నమాజు తరువాత
ఆ బొమ్మల గడ్డాలకు పచ్చబొట్లున్నవని మసీదులో ఫిర్యాదు వచ్చినది. పచ్చబొట్టు పొడిచినవారూ పొడిపించుకున్నవారూ శాపగ్రస్తులని ప్రవక్త వాక్కు. ముల్లాగా తీర్పు చెప్పాను: చెరిపివేయవలెను. సందేహమేమైనా ఉన్నదా సెయ్దా అని, మా భాషలో గురువుగారిని పిలిచినట్లు, అక్కడివారు అడిగారు. లేదన్నాను. గోడను చూడకుండానే అన్నాను.

మార్చి 12
రూకెన్ పచ్చబొట్లన్నీ చెరిపివేసినదట.

మార్చి 15
ఈనాడు వెళ్లాను. ముసలి పెరూజా గోడను తడుముతున్నది. మా అమ్మ ఏదీ, మా అమ్మ ఏదీ అంటున్నది. పచ్చబొట్లు పోయాక తలగుడ్డలన్నీ ఒకటే, ముక్కులన్నీ ఒకటే. నన్ను చూసి, రండి సెయ్దా, అందరినీ మంగలికి అప్పజెప్పారుగా, గడ్డాలెంత నున్నగా ఉన్నాయో చూడండి అన్నది. ఆ వరుసలో నా తల్లి కూడా ఉన్నదట. వెదికాను. వేల పద్యాలు కంఠస్థమైనవాడిని, కన్నతల్లిని పోల్చుకోలేకపోయాను.

మార్చి 16
తీర్పు వెనక్కు తీసుకున్నాను, ఆ మసీదులోనే. గోడ చర్మం కాదన్నాను. ఈ వివేకం మొన్న ఎక్కడ నిద్రించినదో! మళ్లీ వేయమని రూకెన్‌ను బతిమాలుకున్నాను. మిగతావాళ్లవి వాళ్ల కూతుళ్లనడిగి వేస్తాను మామయ్యా, అమ్మమ్మది మా అమ్మ చెప్పింది, చలికాలంలో అమ్మ పోయింది కదా, అన్ని గడ్డాలు వేశాక అమ్మమ్మది ఎలా ఉండేదో నాకు కలగలిసిపోయింది అన్నది. ఫోన్‌లో ఫోటో లేదా అంటే, పూర్తికాని బొమ్మకు దిష్టి తగులుతుందని తీయలేదన్నది.
మాది ముల్లాల ఇల్లు. పరాయివారి ఎదుట అమ్మ తలగుడ్డ అంచును గడ్డం కప్పి ముక్కుదాకా లాగుకొనేది. ఆ గడ్డం చూసినవారిలో మిగిలినది నేనొక్కడినే.

మార్చి 18
అమ్మది దువ్వెన గుర్తు. అది నిశ్చయం. పళ్లు పైకా, కిందికా?

మార్చి 19
పైకా?

మార్చి 20, సూర్యాస్తమయం
కొండమీద నౌరోజు మంటలు లేచినవి. పూర్వం పచ్చబొట్టుకు కలిపినట్లే, దీపపు మసిని ఆడపిల్లను కన్న తల్లి పాలతో కలిపి రూకెన్ నా ముందుంచినది. ఇది మీరే వేయాలి, చెరపమన్నది మీరేగా అన్నది. వేలితో వేశాను, పళ్లు పైకి. ఖాయమేనా మామయ్యా అని అడిగినది.
సందేహం లేదన్నాను.

మార్చి 21, తెల్లవారుజామున
నమాజుకు ముందు వుజూ నీళ్లతో కడుక్కున్నా వేలి మసి వదలలేదు. నుదురు నేలకానించి అల్లాను స్మరించవలసిన చోట, అమ్మా, కిందికా అని అడిగాను.